ఈదీ డబ్బుతో స్టార్ వార్స్ హెల్మెట్: కిట్ కొన్నాక అసలు పని రేగ్‌మాల్‌తోనే

హిందూపురంలో మా ఆపా కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. రెండు ఈద్‌లకు వచ్చిన ఈదీ దాచిపెట్టి, ఒకరోజు తెచ్చి నా ముందు పెట్టాడు. "మామూ, స్టార్ వార్స్‌లో తెల్ల సోల్జర్లు పెట్టుకుంటారు కదా, ఆ హెల్మెట్ కావాల. రెడీమేడ్ వద్దు. కిట్ తెప్పించు, మనమే చేద్దాం" అన్నాడు. మా ఆపా ఒక్క మాటే అడిగింది: "బండి మీద పెట్టుకునేదానికి పనికొస్తుందా?"

పనికిరాదు. మన ఇళ్లల్లో పిల్లలు ఇలాంటిది అడిగితే ముందు చెప్పాల్సిన సంగతి ఇదే. ఈ కిట్ హెల్మెట్ రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ డొల్ల. దెబ్బను పీల్చుకునే మందపాటి థర్మాకోల్ పొర లోపల ఉండదు. పైగా పక్కచూపు దాదాపు సున్నా. మన దేశంలో బండి హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం. సరైన హెల్మెట్ లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు. కాబట్టి మావాడితో ముందే మాట తీసుకున్నాం: ఇంట్లో, స్కూల్ ఫంక్షన్‌లో సరే, స్కూటీ ఎక్కితే మాత్రం తల మీద ఇది ఉండకూడదు.

అసలు ఈ హెల్మెట్ పుట్టిందే చిన్న వర్క్‌షాప్‌లో. 1976లో లండన్ పక్కన ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ అనే ప్లాస్టిక్ పనివాడు సినిమా కోసం 50 హెల్మెట్లు చేసిచ్చాడు. పద్ధతి పేరు వాక్యూమ్ ఫార్మింగ్. ప్లాస్టిక్ షీటును అప్పడంలా మెత్తబడే దాకా వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చుకు అతుక్కుని ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. బేకరీలో కేక్ మీద మూత, బిస్కెట్ ప్యాకెట్లో ట్రే కూడా ఇట్లానే తయారవుతాయి.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆయన వాటినే మళ్లీ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. సినిమా కంపెనీ లూకాస్‌ఫిల్మ్ కోర్టుకెక్కింది. 2011 జూలై 27న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ హెల్మెట్ శిల్పం కాదని, సినిమా తయారీలో వాడిన వస్తువేనని తేల్చింది. కానీ అమెరికా కాపీరైట్ ఉల్లంఘనపై ఇక్కడే విచారణ చేయవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. బీకామ్ చదివినవాడిగా నా మాట ఒకటే: ఇంట్లో ఒకటి చేసుకోవడం వేరు, ఆ సినిమా పేరు పెట్టి అమ్మకానికి దిగడం వేరు.

మనకూ ఇలాంటి పనితనం కొత్త కాదు. మన హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ హీరోగా 1991లో వచ్చిన ఆదిత్య 369లోని టైమ్ మెషీన్ గురించి మా అబ్బా ఇప్పటికీ మాట్లాడతారు. దాన్నీ ఎవరో సెట్టు పనివాళ్లు చేతులతో కోసి, అతికి, రంగు వేసి ఉంటారు.

పెట్టె విప్పితే ఏముంటుంది?

మావాడి ముఖం వాడిపోయింది. ఇడ్లీ ప్లేట్లలా చుట్టూ అంచులున్న నాలుగు తెల్ల ముక్కలు: ముఖం, నెత్తితో కలిసిన వెనక భాగం, రెండు చెవులు. వాటితో పాటు నుదుటికి, మెడకు రబ్బరు పట్టీలు, కళ్లకు ఆకుపచ్చ షీటు, గడ్డం దగ్గర పెట్టే రెండు మైకు ముక్కలు, కొన్ని స్క్రూలు. అంతే.

ముందు కోత. దర్జీ కుట్టుకు బట్ట వదిలినట్టు, పెన్సిల్ గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు బయటే కోయాలి. తిన్నటి అంచుల దగ్గర బ్లేడుతో గీత లోతుగా గీసి వంచితే ప్లాస్టిక్ టక్కున విరుగుతుంది. ఒకే గాటుకు కోయాలని బలం పెడితే బ్లేడు జారి వేలు తెగుతుంది. కళ్ల రంధ్రాలకు లోపల వరసగా డ్రిల్ చేసి, మిగిలింది ఆకురాయితో తీయాలి. మిగిలిపోయిన ముక్కలు పారేయొద్దు. ఎందుకో తర్వాత చెప్తా.

అతకడానికి తొందరపడకూడదు. మాస్కింగ్ టేపుతో ముఖాన్ని, వెనక భాగాన్ని కలిపి అద్దం ముందు పెట్టుకుని చూడాలి. గడ్డం ముందుకు పొడుచుకొచ్చిందా, నుదురు కిందికి దిగిందా చూసుకున్నాకే పాప్ రివెట్ కొట్టాలి. చెవులే అసలు పరీక్ష. రెండు భాగాలు కలిసే అతుకును దాచేవి అవే, కానీ మొదటిసారి పెట్టినప్పుడు ఒక్కటీ సరిగ్గా కూర్చోదు. కొంచెం రుద్దడం, పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. మాకు ఒక్కో చెవికి ఒక ఆదివారం పోయింది.

ఇక్కడో చిత్రం ఉంది. సినిమాలోని అసలు హెల్మెట్టే వంకర. కుడివైపు ఉన్నట్టు ఎడమవైపు ఉండదు. ఇలాంటి వేషాలు వేసేవాళ్ల సంఘం 501వ లీజియన్ అమెరికాలో 1997లో మొదలైంది. వాళ్లు సినిమా ఫొటోలు పక్కన పెట్టుకుని మరీ పోల్చి చూస్తారు. కాబట్టి ప్రతి వంకరా సరిచేయడం నగిషీ కాదు. అచ్చులోంచి వచ్చిన వంకరను ఉంచాలి, మన చేతి అజాగ్రత్తతో వచ్చినదాన్ని తీయాలి. ఏది ఏదో తెలుసుకోవడానికే సగం టైమ్ పట్టింది.

నేను చేసిన తప్పు

పెన్సిల్ గీతలు తుడవడానికి నేను పెయింటర్లు వాడే ఎన్‌సీ థిన్నర్ గుడ్డకు తడిపి రుద్దాను. నిమిషంలో మెరుపు పోయి, బుగ్గ మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. ఆ థిన్నర్ ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని నాకు తెలియదు. సబ్బు నీళ్లు చాలు. మావాడు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది. వాడి రెండు ఈద్‌ల డబ్బు అది.

పెనుకొండలో మా చాచాకు కార్ల టింకరింగ్ షెడ్ ఉంది. హెల్మెట్ సంచిలో వేసుకుని మేమిద్దరం రైలెక్కాం. ఆయన దాన్ని చేతిలో తిప్పి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. "కంటికి కనబడంది చేతికి తెలుస్తుంది బేటా. మెరిసే రంగు కిందున్న గుంతను దాయదు, ఇంకా చూపిస్తుంది" అన్నాడు.

కోసిన ముక్కల పని అప్పుడు పడింది. వాటిని సన్నగా తరిగి అసిటోన్‌లో నానబెడితే పేస్టులా అవుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించే గుణమే ఇక్కడ మేలు చేస్తుంది. సందుల్లో ఈ పేస్టు పెడితే అదే ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది. రంగు కూడా దాదాపు కలుస్తుంది కాబట్టి, మెరుపు చెడని కిట్ అయితే పెయింట్ అవసరమే ఉండదు, పాలిష్ చాలు. మాది నా పుణ్యమా అని చెడింది కాబట్టి పెయింట్ తప్పలేదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. వంటింట్లో, గ్యాస్ పొయ్యి దగ్గర దాన్ని తెరవొద్దు.

తర్వాత లప్పం, తర్వాత రేగ్‌మాల్. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 800. చివరి రెండూ నీళ్లు తడుపుతూ రుద్దాలి, దుమ్ము లేవదు, గీతలు పడవు. ప్రైమర్ కొట్టాక చాచా ఒక కిటుకు చూపించాడు. నల్ల స్ప్రేను దూరం నుంచి పొగలా చల్లి, దాని మీద రుద్దమన్నాడు. ఎత్తున్నచోట నలుపు పోతుంది, గుంతలో ఉండిపోతుంది. మా హెల్మెట్ నెత్తి మీద ఏడు నల్ల మచ్చలు తేలాయి. నేను బాగుంది అనుకున్న నెత్తి అది! ప్రతి మచ్చకూ మళ్లీ లప్పం, మళ్లీ రేగ్‌మాల్.

పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది, 2019లో సెల్టాస్ అక్కడి నుంచే వచ్చింది. ఫ్యాక్టరీ పెయింట్ అందం ఎవరైనా మెచ్చుకుంటారు. అదే కారు సొట్టబోతే చేత్తో తడిమి సరిచేసే మనిషి కావాలి. ఆ పని తెలిసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఎంతమందో ఉన్నారు. చాచా కొడుకు మాత్రం బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. "వాణ్ని ఈ దుమ్ములోకి రానివ్వలేదు నేనే" అని చాచా రుద్దుతూనే చెప్పాడు. తప్పు అనలేను. మా అబ్బా నన్ను కూడా రానివ్వలేదు.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: రుద్దేటప్పుడు మాస్క్ ఉండాలి. హార్డనర్ కలిపిన కారు పెయింట్ కొట్టేచోట పిల్లల్ని అసలు ఉంచొద్దు. ఆ తుంపరలు ఊపిరితిత్తులకు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లకు చేటు. కర్చీఫ్ కట్టుకుంటే ఆగదు. మావాణ్ని ఆ గంటసేపు రోడ్డవతల టీ అంగడిలో కూర్చోబెట్టాం.

బుగ్గల మీద నీలం గీతలు మాత్రం ధర్మవరంలో వేశాం. మా ఖాలూ పట్టుచీరలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు వేస్తారు. వంపు తిరిగిన బుగ్గ మీద సమాన దూరంలో గీతలు పెట్టడం మా ఇద్దరి వల్లా కాలేదు. ఆయన బుగ్గ మీద పల్చటి కాగితం పరిచి వంపు దించుకుని, గ్రాఫ్ మీద గళ్లు లెక్కపెట్టి, పావుగంటలో నమూనా కోసిచ్చారు. "కొంగు కంటే ఇది సులభం" అని నవ్వారు.

లోపలికి హార్డ్‌వేర్ షాపులో దొరికే బిల్డింగ్ పనివాళ్ల టోపీ పట్టీ బిగించాం. లేకపోతే హెల్మెట్ తల మీద తిరుగుతూనే ఉంటుంది. కళ్లకు కిట్‌లోని ఆకుపచ్చ షీటే పెట్టాం. వెల్డింగ్ అద్దం పెడదామనుకుంటే వద్దు, దాంట్లో మెట్లు కూడా కనబడవు.

ఖర్చు అడుగుతారు కాబట్టి: విదేశీ కిట్‌కు రాసి ఉన్న ధర సగం కథే. కొరియర్, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపి గుమ్మం ముందు ఇంకో బిల్లు వస్తుంది. ఆర్డర్ పెట్టేముందే, ఆ ధరలో సుంకం కలిసి ఉందా అని అమ్మేవాణ్ని అడగండి. మేం అడగలేదు, ఆ తేడా నేను కట్టాను. త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు కదా అని కొందరన్నారు. చేయించుకోవచ్చు, కానీ దాని మీద పొరపొరలుగా గీతలుంటాయి, రేగ్‌మాల్ ఇంకా ఎక్కువ పట్టాలి.

ఇప్పుడు హెల్మెట్ ఆపా వాళ్లింట్లో ఫ్రిజ్ మీద ఉంది. ఎడమ చెవి కింద గోరు పట్టేంత సందు మిగిలింది. అది అచ్చుదా, మాదా అని మావాడికీ నాకూ ఇంకా వాదన నడుస్తోంది. పెట్టుకున్న ఐదు నిమిషాలకే ఊపిరి ఆవిరి కళ్ల షీటుకు పట్టేస్తోంది. పాత కంప్యూటర్ చిన్న ఫ్యాన్ ఒకటి తెచ్చాడు, దాని వైరింగ్ వచ్చే ఆదివారానికి.