పరుగులో పుట్టే ఆమ్లం, గుండెను ముంచే ఆమ్లం

జంషెడ్‌పూర్‌లోని జె.ఆర్.డి. టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ వంటి మైదానాల్లో 400 మీటర్ల పరుగు చివరికి వచ్చేసరికి తొడలు బరువెక్కి మండుతుంటే, ఆ బాధనూ మర్నాటి ఒళ్లునొప్పులనూ కూడా లాక్టిక్ ఆమ్లానికే అంటగట్టడం పరిపాటి. మర్నాటి నొప్పి విషయంలో ఇది పొరపాటు: విశ్రాంతి తీసుకున్న గంట, గంటన్నరలోనే కాలేయం ఆ ఆమ్లపు అయాన్ రూపమైన లాక్టేట్‌ను తిరిగి గ్లూకోజ్‌గా మార్చగా, గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా వాడుకోగా, రక్తంలో దాని మోతాదు మామూలు స్థాయికి వస్తుంది; అలవాటు లేని శ్రమతో కండర తంతువులకు కలిగే సూక్ష్మమైన దెబ్బలే మర్నాటి నొప్పికి మూలం.

పరుగు సాగుతున్నప్పటి మార్పు మాత్రం నిజమైనదే. గ్లూకోజ్ అతివేగంగా విచ్ఛిన్నమైనప్పుడు లాక్టేట్‌తో పాటు హైడ్రోజన్ అయాన్లు పేరుకుని, ఆమ్లత్వానికి కొలమానమైన పీహెచ్ కండర కణంలో సుమారు 7 నుంచి 6.5 దాకా పడిపోతుంది. ఈ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందని ఒకప్పుడు హిల్, మేయర్‌హాఫ్‌ల వంటి నోబెల్ గ్రహీతలు సైతం భావించారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తినిల్వను కనుగొనడం, 1930లో లుండ్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్త లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం ముడుచుకోగలదని నిరూపించడంతో ఆ సిద్ధాంతం కూలిపోయింది. కణానికి తక్షణశక్తినిచ్చే ఏటీపీని తిరిగి తయారుచేసే క్రమంలో ఫాస్ఫోక్రియాటిన్ హైడ్రోజన్ అయాన్లను గ్రహిస్తుంది కనుక, తొలి క్షణాల్లో ఆమ్లత్వాన్ని అడ్డుకునేదీ అదే.

గుండె సంగతి వేరు. రక్తం అందుతున్నంతకాలం లాక్టేట్ దానికి మంచి ఇంధనం. రక్తనాళం పూడుకుపోతే ఆక్సిజన్ రాక ఆగడమే కాక, పుట్టిన ఆమ్లం బయటికి పోయే దారీ మూసుకుపోతుంది. ముడుచుకోమని ఆజ్ఞాపించే కాల్షియం, ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను అంటుకోకుండా హైడ్రోజన్ అయాన్లు అడ్డుపడటంతో గుండె పట్టు సడలుతుంది. కణం వాటిని బయటికి నెట్టబోయి సోడియాన్ని లోపలికి తెచ్చుకుంటుంది; ఆ సోడియాన్ని పంపే ప్రయత్నంలో కాల్షియం మితిమీరి చేరి కణాన్నే దెబ్బతీస్తుంది. పరుగు ఆపిన తొడకు విశ్రాంతి దొరుకుతుంది, గుండెకు ఆ వీలు లేదు.

గుండెలో రక్తం పూర్తిగా ఆగిపోయిన భాగంలో సుమారు 20 నిమిషాల నుంచే కండరం తిరిగిరాని విధంగా చనిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఛాతీ నొక్కుతున్నట్టుండి ఎడమచేతికో దవడకో నొప్పి పాకినప్పుడు గ్యాస్ అనుకుని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి.