చెరువు అడుగుమన్ను: తీయవలసినదెంత, ఉంచవలసినదెంత?

వేసవి ముదిరి చెరువులు ఎండగానే మన పంచాయతీలలో పూడికతీత ప్రస్తావన వచ్చును. ట్రాక్టర్లు సిద్ధమగును. మట్టి ముందుగా ఎవరి పొలమునకు పోవలెనను వాదము పుట్టును. కాని ఎంత లోతు త్రవ్వవలెను, ఎచ్చట ఆపవలెను, త్రవ్విన పిదప అడుగున ఏమి మిగులవలెను అను ప్రశ్నలు వేయువారు అరుదు. చెరువు బాగుపడుటయో చెడుటయో ఈ ప్రశ్నలపైననే ఆధారపడియున్నది.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలు నేడు పెక్కు జిల్లాలైనవి. నేల తీరు మాత్రము మారలేదు. అడుగున రాయి, పైన పలుచని ఎఱ్ఱ చలక. వాన కొలది మాసములలోనే కురిసి పోవును. కృష్ణానది దక్షిణమున పారుచున్నను, ఎత్తిపోతల కాలువలు వచ్చువరకు ఆ నీరు మెట్టకు ఎక్కలేదు. అందుచేతనే మన పెద్దలు వాగు వెంబడి ఒకదాని క్రింద నొకటిగా గొలుసుకట్టు చెరువులు నిర్మించిరి. నల్లగొండ చెంత పానగల్లులోని ఉదయసముద్రము కందూరు చోడుల కాలము నాటిది. అది నేటికిని నీరు నిలుపుచున్నది.

2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద రాష్ట్రమందలి 46 వేలకు పైబడిన చెరువులను విడతలుగా బాగుచేయ సంకల్పించిరి. ప్రభుత్వము త్రవ్వించిన పూడికను రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. అయితే వాన కురియునంత కాలము మన్ను కొట్టుకొని వచ్చుచునే యుండును. ఒకసారి తీసినంతమాత్రమున పని ముగియదు. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణ చిన్ననీటి వనరులను, చేపల పెంపకమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున ఈ విషయము సభ్యులు తెలిసికొని యుండవలసినదే.

చెరువు అడుగున మన్ను పొరలుగా నుండును. అన్నిటికంటె పైన మెత్తని నల్లని ఒండ్రు. పొలముల నుండి కొట్టుకొని వచ్చిన సన్నని బంక రేణువులు, కుళ్లిన ఆకులలములు, పశువుల పేడ ఇందు చేరియుండును. దాని క్రింద ఏండ్ల తరబడి నీటి బరువునకు బిగిసిన బంకపొర. ఇదియే చెరువునకు చాప వంటిది. దాని క్రింద మొరము, ఆపైన రాయి. తీయవలసినది మొదటి పొర. రెండవ దానిని చీల్చి మొరము వరకు పోయినచో నీరు క్రిందికి దిగిపోవును. ఆయకట్టు ఎండును. ఊరి బావులకు ఊట కొరకే ఉద్దేశించిన చిన్న కుంటలో నీరు ఇంకుట మేలే. కాని వరి మడులకు నీరియ్యవలసిన చెరువున అది నష్టము.

అయితే మొదటి పొరనైనను పూర్తిగా ఊడ్చివేయరాదు. పట్టణములలో గాజుతొట్టెలో మొక్కలు నాటి చేపలు పెంచువారికి ఈ సంగతి బాగుగా తెలియును. తొట్టె అడుగున నుండు ఇసుకను ఒక్కసారిగా తీసి కడిగినచో, నీరు అద్దమువలె తేటగా నున్నను కొలది దినములలో చేపలు చచ్చుటకలదు. చేపల విసర్జనము వలన పుట్టు అమ్మోనియా విషము. ఆ విషమును మొదట నైట్రైటుగా, పిదప మొక్కలకు ఆహారమగు నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు ఆ ఇసుకను అంటిపెట్టుకొని యుండును. ఇసుక కడిగినచో అవియు పోవును. అందుచేత ఎఱిగినవారు కొంతభాగము మాత్రమే మార్చి, పాత మన్నులో కొంత నిలిపియుంచి, మొక్కలను తిరిగి నాటుదురు. మన చెరువు విశాలము, దానికి వాన తోడుండును, కావున హాని అంత వేగముగా కనబడదు. కాని ఎండిన ఒండ్రులో సూక్ష్మజీవులేగాక కలువ గడ్డలు, తామర దుంపలు, చేపపిల్లలకు మేతయగు సన్నని పురుగుల గ్రుడ్లు నిద్రించుచుండును. నీరు రాగానే అవి మేల్కొనును. ఊడ్చివేసిన అడుగున మేల్కొనుటకేమియు నుండదు.

కనుక శిఖమును మూడు నాలుగు భాగములుగా విభజించి ఏటేట ఒక భాగమును త్రవ్వుట మంచిది. ముందుగా అచ్చటచ్చట చిన్న గుంతలు తీసి ఒండ్రు ఎంత లోతున్నదో కొలవవలెను. మెత్తని ఒండ్రు పోయి బిగిసిన బంకమన్ను కనబడిన చోట గడ్డపార ఆగవలెను. కట్ట మొదలుకు ఆనుకొని త్రవ్వినచో కట్ట బలము తగ్గును. ఒక్కొక్కచోట బావివలె గోయి చేయుట అన్నిటికంటె చెడ్డది. నీరు నిండిన పిదప గోయి కనబడదు. ఈతకు దిగిన పిల్లలును, నీటికి దిగిన గేదెలును దానిలో పడి మునుగుట వినుచునే యున్నాము. ఇటుకబట్టీకో, రోడ్డు పనికో మట్టి కావలెనని వచ్చువారికి గోయియే లాభము. అట్టివారి కొలతను పంచాయతీ కొలతగా అంగీకరింపరాదు. ఏటవాలుగా, తూము వైపునకు వాలునట్లు త్రవ్వింపవలెను. గొలుసుకట్టులో పై చెరువును విడిచి క్రింది దానిని మాత్రమే బాగుచేసినచో పైనుండి మన్ను మరల దిగును.

ఒక లెక్క చూడుడు. ఎకరము మేర అడుగు లోతు పూడిక తీసినచో సుమారు 12 లక్షల 30 వేల లీటర్ల నీటికి చోటగును. కాని తూము గడపకు దిగువనున్న నీరు కాలువకు ఎక్కదు. అది పశువులకును, చేపలకును, ఊటకును మాత్రమే. ఆయకట్టుదారులకు ఈ సంగతి ముందే చెప్పినచో పిదప తగవుండదు.

తీసిన మన్ను చలక నేలలకు మేలు చేయును, తేమను నిలుపును. నల్లరేగడికి తోలుట వృథా శ్రమ. ఎకరమునకు అంగుళము మందమున పరచవలెనన్న సుమారు 103 ఘనపు మీటర్లు కావలెను. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున అది 34 తడవలు. పొలము దూరమైనచో డీజిలు ఖర్చు చూచుకొనవలెను. తుంగ గడ్డలు ఈ మన్నుతో పొలమునకు చేరును గనుక, కుప్ప పోసి ఎండబెట్టి, గడ్డలు ఏరి చల్లవలెను. ఊరి మురుగునీరో, కర్మాగారపు నీరో చేరు చెరువు మన్నును పరీక్ష చేయింపక పొలమునకు తోలరాదు.

ఇక మొక్కల మాట. లొట్టపీసు, సర్కారు తుమ్మ, గుర్రపుడెక్క వేరుతో పెరికివేయవలసినవే. తామర, కలువ అట్టివి కావు. మనవారికి ఇష్టమైన కొర్రమీను మొక్కల చాటుననే గూడు కట్టి గ్రుడ్లు పెట్టును. మొక్కలన్నియు పోయిన చెరువులో బొచ్చె, రోహు పిల్లలను విడిచి పెంచవచ్చునేమో గాని కొర్రమీను తనంత తాను పెరుగుట కష్టము. అయితే తామర చెరువంతయు కప్పినచో వల సాగదు. ఎంత మేర ఉంచవలెనో మత్స్యకారుల సంఘమును అడిగి నిర్ణయించుట న్యాయము.

త్రవ్వవలసిన భాగములోని తామర దుంపలను మొలక చివర విఱుగకుండ తీసి, తడిమట్టితో కప్పి నీడలో గుంతలో దాచవలెను. తొలకరి నీరు మోకాలి లోతు చేరిన పిదప వాటిని ఒండ్రు ముద్దలలో పొదిగి, అంచున గ్రుచ్చవలెను. మన్ను బరువు లేనిచో దుంప తేలిపోవును. వాగు చెరువులోకి ప్రవేశించు మూతికడ తుంగను, జమ్మును కొంత నిలుపుట వలన మన్ను అచ్చటనే వడియును. సింహళద్వీపమందలి పల్లెలలో చెరువు ఎగువన గడ్డి పట్టెను ఇందుకొరకే ఉంచుదురు. కట్టపై మాత్రము పెద్దచెట్లు వలదు. అవి చచ్చిన పిదప వేరుల దారిని నీరు కారును. గరికయో, వట్టివేరో చాలును.

ఏ భాగము ఏ సంవత్సరమున త్రవ్వినది, ఎంత లోతున ఆపినది, దుంపలు ఎచ్చట నాటినది తీర్మానముల పుస్తకములో గీతపటముతో సహా వ్రాసియుంచుడు. మూడేండ్ల పిదప వచ్చు సభ్యులు గుంతలు తీయుటకు ముందు ఆ పుట చూతురు.