ఊరి పేర్లు - ఉచ్చారణ పేచీ

హైదరాబాదులో పక్కపక్కనే ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేర్లను అందరూ ఒకేలా పలకరు. ఉర్దూ లిపిలో 'ణ' లేదు. కనుక నారాయణగూడ ఉర్దూ నోట 'నారాయన్‌గూడ' అవుతుంది. చిక్కడపల్లి అచ్చు జారి 'చిక్కడ్‌పల్లి' అవుతుంది. ఇక అశోక్ నగర్! తెలుగు పోకడలో అశోకనగరం కావలసినది పొల్లులతోనే స్థిరపడింది. తెలుగువారూ అలాగే అంటున్నారు.

అరబీ మూలమున్న పేరు తెలుగు నోట మారితే మాత్రం నవ్వేవారున్నారు. వరంగల్లు చెంతనున్న కాజీపేటనే తీసుకోండి. 'ఖాజీ' అనాలని దిద్దుతారు. నిజానికి అరబీలో ఆ తొలి అక్షరం నాలుక మొదలు కొండనాలుకను తాకగా పుట్టే ఒక విధమైన 'క'. దానిని 'ఖ'గా మార్చినది దక్కనీ ఉర్దూ. రెండవ అక్షరమైన 'జాద్' అరబ్బుల నోట 'జ' కానే కాదు. అనగా దిద్దేవారు కూడా మూలానికి దూరంగానే ఉన్నారు!

అరబ్బులు మాత్రం పరాయి పేర్లను యథాతథంగా పలికారా? వారి భాషలో 'ప' లేదు. అందుచేత పార్స్ 'ఫార్స్' అయింది. నియాపొలిస్ అనే గ్రీకు పేరు 'నాబులుస్' అయింది. 8వ శతాబ్దపు వ్యాకరణవేత్త సీబవైహి ఇట్టి మార్పులను తప్పులుగా గాక భాషా నియమాలుగానే చర్చించారు.

ఖుర్‌ఆన్ పారాయణం సంగతి వేరు. 'ఖల్బ్' అంటే హృదయం, 'కల్బ్' అంటే కుక్క. అక్కడ తజ్వీద్ తప్పనిసరి. కాజీపేటకు టిక్కెట్టు అడిగేవానికి ఆ నియమం వర్తింపజేయడం సబబు కాదు. అయితే 'మెక్కా' అనడాన్ని ఈ ఖాతాలో వేయరాదు. అది ఇంగ్లీషు స్పెల్లింగు తెచ్చిన పొరపాటు. 'మక్కా' అనడానికి తెలుగు నోటికి ఏ అడ్డూ లేదు.