చిలుము తోమకండి

నాకు పదేళ్లప్పుడు మా నాన్న మిరప చేను దుక్కి దున్నుతుంటే నాగటి చాలులో ఓ పచ్చటి గడ్డ పైకి లేచింది. వినుకొండ దగ్గర మా పల్లె. మట్టి దులిపి చూస్తే చిన్న గంట. లోపల నాలుక లేదు. ఒళ్లంతా చిలుము. నడుము చుట్టూ ఏవో గీతలు ఉండేవి, చూపుడువేలితో నిమిరితే గరుగ్గా తగిలేవి. మా నాయనమ్మ దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి చింతపండు, ఇటుకపొడి వేసి అరగంటసేపు తోమింది. కంచు పసుపు వన్నెలో మెరిసింది. ఆ గీతలు నున్నగా అరిగిపోయాయి. వారం తిరక్కుండానే పాత సామాన్లవాడు వచ్చి దాన్ని తూకానికి పట్టుకుపోయాడు. బదులుగా మా ఇంటికి రెండు స్టీలు గ్లాసులు వచ్చాయి.

తర్వాత ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. చరిత్ర పాఠం వచ్చిన ప్రతిసారీ ఆ గంట గుర్తొచ్చేది. గుంటూరు, ప్రకాశం అనగానే అందరికీ మిర్చి, పత్తి తడతాయి. ఈ నేలకు రాగితో ఉన్న బంధం అంతకన్నా పాతది.

పేరులోనే నిప్పు

వినుకొండకు అవతల, ఇప్పటి పల్నాడు జిల్లాలో అగ్నిగుండాల ఉంది. ఆ చుట్టుపక్కల నల్లకొండ, ధూకొండల్లో రాగి ఖనిజం, బండలమొట్టులో సీసం ఉన్నాయి. బండలమొట్టులో హిందూస్థాన్ జింక్ సంస్థ సీసం తవ్వింది. అంతకు ఎంతో ముందే పూర్వులు ఆ కొండల్లో తవ్వుకున్న గుంతల ఆనవాళ్లు ఉన్నాయి. భూగర్భ శాస్త్రం చదవని ఆ మనుషులకు దారి చూపింది రాయే. రాగి ఉన్న రాయి గాలికీ వానకూ పైన పచ్చగా, నీలంగా మరక కడుతుంది. మా గంట మీది చిలుమూ, ఆ కొండరాతి మీది మరకా ఒక జాతివే.

రాయి నుంచి రాగి తీయడం ఓపికతో కూడిన పని. ముందు రాయిని నలగ్గొట్టి, కట్టెల మంట మీద కాల్చి గంధకాన్ని పొగగా వదిలించాలి. తర్వాత బొగ్గుతో కలిపి కొలిమిలో వేసి తిత్తులతో ఊదాలి. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. మలినమంతా చిట్టెంగా పైకి తేలితే రాగి అడుక్కు దిగుతుంది. చల్లారిన చిట్టెం నల్లగా, గాజులా, బుడగలు బుడగలుగా గడ్డకడుతుంది. చేలో కాలికి తగిలితే పారేసే ఆ గడ్డే పురావస్తు శాస్త్రవేత్తకు పెన్నిధి. ఏ ఖనిజం వాడారు, కొలిమి ఎంత వేడెక్కింది అన్న లెక్కలు అందులోనే దొరుకుతాయి.

రేకు మీద రాజాజ్ఞ

నరసరావుపేట దగ్గరి మైదవోలులో ఎనిమిది రాగి రేకులు దొరికాయి. క్రీస్తు శకం నాలుగో శతాబ్దం తొలినాళ్లవి. పల్లవ యువమహారాజు శివస్కందవర్మ కాంచీపురం నుంచి ధాన్యకటకంలోని తన అధికారికి పంపిన ఆజ్ఞ అది. ఆంధ్రాపథంలోని విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు దానమిచ్చినట్టు ప్రాకృతంలో రాసి ఉంది. ధాన్యకటకం అంటే మన అమరావతి.

ఇలాంటి శాసనం తయారుచేయడానికి రాగిని కాలుస్తూ, సుత్తితో కొడుతూ పలుచటి రేకుగా సాగదీస్తారు. అక్షరాలు ఒరుసుకుపోకుండా చాలా శాసనాల్లో అంచులు కాస్త పైకి లేపుతారు. ఉలితో అక్షరాలు చెక్కి, రేకులకు బెజ్జం చేసి, ఉంగరం దూర్చి, ఆ ఉంగరం కొసలను రాజముద్రలో బిగిస్తారు. ముద్ర ఊడదీయకుండా ఒక్క రేకు కూడా మార్చలేరు. రాజు మాటకు కంచరి చేతిపని కాపలా అన్నమాట.

మైనం కరిగితే బుద్ధుడు

రాగికి తగరం కలిస్తే కంచు. అది రాగి కన్నా తక్కువ వేడికే కరుగుతుంది, మూసలోంచి సన్నటి మడతల్లోకి కూడా తేలిగ్గా పారుతుంది. అమరావతిలో దొరికిన కంచు బుద్ధుడి బొమ్మలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. 1870లో కాలువ తవ్వుతుంటే బుద్ధపాడులో బయటపడ్డ బొమ్మల్లో చాలావరకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. కుడి భుజం మీద వస్త్రం ఉండదు. చీవరం మడతలు ఎడమవైపు నుంచి సన్నటి గీతలుగా జారి, కింద అంచు దగ్గర బరువుగా, లావుగా వంపు తిరుగుతాయి. మన శిల్పుల చేయి అక్కడ తెలిసిపోతుంది.

మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మెత్తటి మట్టి పూత మీద పూత వేసి ఆరబెడతారు. వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోసి, చల్లారాక మట్టిని పగలగొడతారు. అచ్చు మిగలదు కాబట్టి ఏ బొమ్మకు ఆ బొమ్మే.

ఆ పోలిక సముద్రం దాటింది. వియత్నాంలోని డాంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడు మన అమరావతి వాడా, సింహళం వాడా అని పండితులు వాదించుకున్నారు. ఇద్దరినీ కలిపేది ఆ చీవరం మడతే. లోహం కూడా ఓడలెక్కి తిరిగింది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకాల పట్టికలో కర్పూరం, ముత్యాలతో పాటు రాగి, సీసం కూడా ఉన్నాయి.

అంకోర్‌లో ఒక కల

తూర్పున ఖ్మేర్ రాజులు ఇదే కంచుతో ఇంకా పెద్ద పని చేశారు. కంబోడియాలోని పశ్చిమ మెబోన్ గుడి దగ్గర బుద్ధుడు పూడిపోయి ఉన్నట్టు తనకు కల వచ్చిందని ఒక పల్లెటూరి మనిషి చెప్పాడు. ఆ మాట విని 1936లో ఫ్రెంచ్ పురావస్తు పరిశోధకుడు మారిస్ గ్లేజ్ తవ్వించాడు. బయటపడింది పడుకున్న విష్ణువు. పదకొండో శతాబ్దపు కంచు విగ్రహం. తల, భుజాలు, చేతులు కొంత మిగిలాయి. పూర్తి విగ్రహం అయిదు మీటర్లకు పైనే ఉండేదని అంచనా. అంకోర్ థామ్ రాజప్రాసాదం పక్కన కంచు పోత పోసిన కార్ఖానా ఆనవాళ్లు కూడా తర్వాత బయటపడ్డాయి. మూస పెంకులు, చిట్టెం, మట్టి అచ్చుల ముక్కలే అక్కడ సాక్ష్యం. రాజు కళ్లెదుటే ఈ పని జరిగేదని వాటివల్ల తెలిసింది.

ఆ పల్లెటూరి మనిషి నోరు విప్పి చెప్పాడు కాబట్టి విష్ణువు దక్కాడు. మా ఇంట్లో ఎవరికి చెప్పాలో ఎవరికీ తెలియదు కాబట్టి గంట పోయింది. నాయనమ్మను నేను తప్పుపట్టను. పండక్కి రాగి చెంబు తళతళలాడాలన్నది ఆమెకు తెలిసిన మర్యాద.

ఇప్పుడు మనకు తెలుసు. చిలుము మురికి కాదు. లోహం వందల ఏళ్లుగా మట్టితో కలిసి కట్టుకున్న పొర అది. అక్షరం, గీత, ఒక్కోసారి చుట్టిన గుడ్డ నేత గుర్తు కూడా దానిలోనే నిలుస్తాయి. పులుపు తగిలితే ముందు కరిగేది అదే. వస్తువు ఎంత లోతులో, ఏ పెంకుల పక్కన దొరికిందన్నది కూడా అంతే విలువైన సమాచారం. అందుకే దొరికిన చోటు గుర్తుపెట్టుకుని, తోమకుండా, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి కబురు చేయాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే, లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. రెండు స్టీలు గ్లాసుల కన్నా అది ఎక్కువే.

రేపు మీ పత్తి చేలో ట్రాక్టరు గొర్రుకు పచ్చటి గడ్డ ఏదైనా తగలొచ్చు. వేలితో మెల్లగా నిమిరి చూడండి. గరుగ్గా ఏదైనా తగిలితే, ఎవరో పన్నెండు వందల ఏళ్ల కింద మనకోసం చెక్కిన మాట అయ్యుండొచ్చు. చింతపండును వంటింట్లోనే ఉండనివ్వండి.