జొన్నపై మోపిన నేరం

ఇక్కడ దోహాలో శుక్రవారం సెలవు. ఆ పూట మా అమ్మాయి ప్రవేశపరీక్షకై తర్కప్రశ్నలు సాధన చేస్తూ ఒకదాని దగ్గర ఆగి నన్ను పిలిచింది. "ఒక జిల్లాలో ఫలానా ధాన్యం తినేవారికే ఒక వ్యాధి అధికంగా వస్తున్నది. కనుక ఆ ధాన్యమే వ్యాధికి కారణం. ఈ వాదాన్ని బలహీనపరచే అంశమేది?" ఆమె గుర్తించిన జవాబు: ఇతర జిల్లాల్లోనూ ఆ వ్యాధి ఉంది. అది సరికాదు, ఒకే వ్యాధికి పలు కారణాలుండవచ్చును. సరైన జవాబు: మరేదీ కొనలేని నిరుపేదలే ఆ ధాన్యాన్ని తింటారు. అనగా ధాన్యమూ, వ్యాధీ రెండూ పేదరికం వెంట వచ్చినవే కావచ్చును.

ప్రశ్న కూర్చినవారికి తెలుసునో లేదో గాని, ఇది మన తెలంగాణ కథ కూడా.

పెల్లాగ్రా వ్యాధిలో ఎండ తగిలిన చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినే పేదలలో ఇది ప్రబలినప్పుడు అంటువ్యాధి అని పలువురు వైద్యులు నమ్మారు. 1914లో విచారణకు నియుక్తుడైన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక విశేషం గమనించాడు. ఆశ్రమవాసులకు వస్తున్న వ్యాధి అక్కడి ఉద్యోగులకు రావడం లేదు. హోదా చూసి అంటుకునే క్రిమి ఎక్కడైనా ఉంటుందా? అయినా ఆయన పరిశీలనతో ఆగలేదు. అనాథాశ్రమాల్లో పాలు, గుడ్లు, మాంసం పెట్టించగా వ్యాధి తొలగింది. 1915లో మిసిసిపీలో క్షమాభిక్షకు ఆశపడిన 11 మంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నాసి భోజనం పెట్టగా 6 మందికి వ్యాధి సోకింది. (నేడు ఏ నైతిక సంఘమూ దీనికి అనుమతించదు.) మరుసటి ఏడు రోగుల రక్తాన్ని తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు, ఏమీ కాలేదు. మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకాలు ఇవే కదా! 1937లో ఎల్వెజెమ్ బృందం కుక్కలలోని ఇటువంటి వ్యాధిని నికోటినిక్ ఆమ్లంతో నయం చేయడంతో లోటు ఏమిటో తేలింది. దానినే నయాసిన్ అంటున్నాము.

మొక్కజొన్నలోని నయాసిన్ శరీరానికి సులువుగా అందదు; నయాసిన్‌గా మారగల ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువ. కాని దక్కనులో జొన్న తినేవారికీ ఇదే వ్యాధి వచ్చేది. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మరి కారణమేమి? హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థలో, డా. గోపాలన్, డా. శ్రీకంఠయ్య 1960లో జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్‌ను శంకించారు. వారి ప్రయోగాలు ఆ శంకను బలపరచాయి. తరువాత కొన్ని విదేశీ ప్రయోగశాలల్లో ఆ ఫలితం పునరావృతం కాలేదు. రసాయనశాస్త్రజ్ఞుడిగా నాకు ల్యూసిన్ వాదం ఇష్టమే. కాని ఇష్టం సాక్ష్యం కాదు.

"అయితే జొన్న నిర్దోషియా?" అన్నది అమ్మాయి.

పప్పు, పాలు, కూర తోడున్న జొన్నరొట్టె ఎవరికీ కీడు చేయలేదు, ఒంటరి జొన్న మాటే వేరు అన్నాను. నేడు మన ప్రాంతంలో పెల్లాగ్రా అరుదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యమే దానికి కారణమని ఎవరైనా అంటే ఏమి అడుగుతావని ఎదురు ప్రశ్న వేశాను. ఆమె కాగితం తిప్పి వెనుకవైపు వ్రాసింది: ఆ ఏళ్ళలో కూలి పెరిగిందా? పాల వాడకం పెరిగిందా? బియ్యం అందని ఊళ్ళలో వ్యాధి నిలిచిందా, తగ్గిందా?