మంచె ఎక్కేముందు: జింకల వేట చుట్టూ అల్లుకున్న అపోహలు

అమెరికాలో చెట్టుకు బిగించుకునే ఇనుప మంచెల వీడియోలు ఇప్పుడు మన పల్లెల్లోని ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. లైసెన్సు తీసుకుని, సీజన్ చూసుకుని, ప్రభుత్వ అడవిలో సైతం తెల్లతోక జింకను వేటాడటం అక్కడ చట్టం ఒప్పుకున్న పని. అవి చూసిన కుర్రకారు నల్లమల అంచునో, లంకమల కిందో మంచెకు ఏ చెట్టయితే బాగుంటుందని మాట్లాడుకుంటున్నారు. మంచె కర్నూలు, కడప రైతుకు తాతల నాటి నుంచీ తెలిసిందే. జొన్నచేలో వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలిన మంచె, బుడ్డల చేనుకు రాత్రిళ్లు కాపలా కాసిన మంచె మనవే. వాటి మీదికి తుపాకి ఎక్కించే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. తెలియకపోతే జింక ప్రాణం పోవడమే కాదు, ఒక కుటుంబం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

"సర్కారు అడవి అందరిదీ. చెట్టెక్కి కూర్చుంటే తప్పేముంది?"

ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 నాటిది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడటం, చెట్టు కొట్టడం, వేటాడటం ఆ చట్టం ప్రకారం నేరాలు. మంచె కట్టడానికి నాలుగు కొమ్మలు నరికినా కేసే. దానిపైన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చంపితేనే వేట అనుకుంటారు చాలామంది. ఆ చట్టం లెక్కలో పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం కూడా వేటే. వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. తుపాకితో మంచె మీద రాత్రంతా కూర్చుని, ఒక్క జంతువూ రాక ఉత్త చేతులతో దిగివచ్చినా చట్టం దృష్టిలో వేటకు ప్రయత్నించినట్టే.

కడప కొండల్లో ఇంకో చిక్కుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు ఎర్రచందనం పెరిగే చోట్లు. దుంగల దొంగల కోసం అటవీ సిబ్బంది రాత్రీ పగలూ గస్తీ తిరిగే అడవులవి. అక్కడ చీకట్లో కొడవలి, తాడు, టార్చిలైటుతో దొరికినవాడు జింక కోసం వచ్చానని చెప్పుకున్నా నేరం నుంచి బయటపడడు, ఇంకో నేరం ఒప్పుకున్నట్టవుతుంది.

"నా చేలోకి వస్తే నాది"

బాగా వేళ్లూనుకున్న అపోహ ఇదే. అడవి జంతువు ఎవరి పట్టా భూమిలో మేసినా ఆ రైతు సొత్తు కాదు. వేటలో చచ్చినదైనా, చచ్చి పడి దొరికినదైనా ప్రభుత్వ ఆస్తే అంటుంది వన్యప్రాణి చట్టంలోని 39వ సెక్షన్. అందుకే కోసినవాడితోపాటు మాంసం కొన్నవాడి మీదా కేసు పడుతుంది.

"నా దగ్గర పంట కాపలా లైసెన్సుంది" అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట రక్షణకు మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలుంది. అయితే ఆ లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే, జంతువును కాల్చడానికి కాదు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోని జంతువు మనుషుల ప్రాణాలకు ముప్పు అయినప్పుడో, కోలుకోలేనంతగా గాయపడో జబ్బుపడో ఉన్నప్పుడో మాత్రమే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వగలరు. మిగతా వాటిలో పంటల్ని పాడుచేసే జంతువుల విషయంలో అధికారం ఉన్న అధికారి కారణం చూపి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఊళ్లో ఎవరో పెద్దమనిషి నోటిమాటగా సరేనంటే అది అనుమతి కాదు. ప్రాణం కాపాడుకోవడానికి జంతువును చంపితే చట్టం మన్నిస్తుంది. పంట కాపాడుకోవడానికి చంపితే ఆ మన్నింపు లేదు.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, మొదటి షెడ్యూల్లోనిది. దాన్ని వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. 2022 సవరణ కనీస జరిమానాను 10,000 నుంచి 25,000 రూపాయలకు పెంచింది. కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారులే అనుకునేవాళ్లు జోధ్‌పూర్ కేసు గుర్తు చేసుకోవాలి. 1998లో జరిగిన కృష్ణజింకల వేటకు 2018 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు నటుడు సల్మాన్ ఖాన్‌కు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. అయినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ కేసు చావలేదు.

"చెంచులకు వేట హక్కు ఉంది కదా"

2006 నాటి అటవీ హక్కుల చట్టం చెంచులకు భూమి మీద, తేనె, చింతపండు వంటి అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. సంప్రదాయ హక్కుల్ని గుర్తించిన ఆ చట్టమే వేటనూ, ఉచ్చు పన్నడాన్నీ పేరుపెట్టి మినహాయించింది. విల్లంబులతో నల్లమలలో బతికిన జాతికి ఇది చిన్న నష్టం కాదు. పట్నం నుంచి కార్లలో వచ్చి చెంచు యువకుణ్ణి దారి చూపమనేవాళ్లు ఈ సంగతి అతనికి చెప్పరు. దొరికితే ముందు జైలుకు వెళ్లేది అతనే. ఇంతకన్నా అన్యాయం నాకు ఇంకోటి కనిపించదు.

అడవి తెలిసినవాళ్ల విద్యకు వేరే దారులు ఉన్నాయి. 1900 తర్వాత మళ్లీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పక్కన దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాన్ని పట్టి చూపించింది రాత్రిపూట టార్చి వెలుగులో పిట్టల్ని పట్టే స్థానికుడే.

"దొరల కాలంలో జింకల్ని మంచె మీది నుంచే కొట్టేవారు"

మంచె ఎక్కువగా పులికీ, చిరుతకూ కట్టేవారు. కట్టేసిన దూడ దగ్గరో, అది చంపి వదిలిన పశువు దగ్గరో చెట్టెక్కి కాచుకునేవారు. కర్నూలు నల్లరేగడి మైదానాల్లో కృష్ణజింకకు మంచె కట్టడానికి చెట్టెక్కడిది? దాన్ని ఎద్దులబండి చాటున మెల్లగా దగ్గరికి చేరి కాల్చేవారు. బండినీ ఎద్దుల్నీ చూసి అది బెదరదని వాళ్లకు తెలుసు. రాజులైతే పెంపుడు చీతాల్ని దాని మీదికి వదిలేవారు. ఆ చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లోనే ప్రకటించారు.

వేటంటే రక్తమేనని చెప్పేవాళ్లు అహోబిలం పారువేట ఉత్సవాన్ని చూడాలి. కనుమనాడు బయలుదేరే నరసింహస్వామి దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన దేవుడి వేట అది. ఊరూరా జనం పల్లకికి ఎదురు వెళ్లి మొక్కుతారు.

"జింక తల పైకెత్తి చూడదు, ఎత్తులో ఉంటే చాలు"

ఇది కాపలా రైతుకూ నష్టం చేసే అపోహ, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. కడప అడవుల్లోని చుక్కల దుప్పికి చెట్ల పైభాగంతో రోజూ పనే. కొండముచ్చులు పైన ఆకులు తెంపి వదిలితే కింద దుప్పులు మేస్తాయి. కొండముచ్చు ఖెక్‌మంటే చెవులు రిక్కిస్తాయి. దుప్పికి ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు. కదలికను మాత్రం ఇట్టే పసిగడుతుంది. అన్నిటికన్నా ముక్కు గొప్పది. మంచె ఎంత ఎత్తున ఉన్నా గాలి అటు వీస్తే వాసన ముందే చేరుతుంది.

గాలి సంగతి కళ్లంలో తూర్పారబట్టినవాడికి ఒకరు నేర్పక్కర్లేదు. గుప్పెడు బూడిద వదిలి చూస్తే ఎటు పోతుందో తెలుస్తుంది. కొండ పక్క చేలల్లో దానికో పద్ధతి ఉంది. ఎండ ఎక్కేకొద్దీ గాలి వాలు వెంట పైకి పోతుంది. పొద్దు గూకి నేల చల్లబడ్డాక కిందికి జారుతుంది. అడవి పైన, చేను కింద ఉంటే రాత్రి గాలి అడవి నుంచి చేను వైపే వస్తుంది. అంటే దిగివచ్చే జంతువుకు మన వాసన అందదు, అది చేలో పడేదాకా మన ఉనికి తెలియదు. వేటగాడు కోరుకునేది అదే. కాపలా రైతుకు కావాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. మనిషి ఉన్నాడని దానికి ముందే తెలియాలి. కాబట్టి మంచెను చేను నడుమ కాకుండా జంతువులు దిగే బాట పక్కన, అడవి వైపు గట్టు మీద, సొంత భూమిలోనే కట్టుకోవాలి. లాంతరు వెలుగు, డబ్బా చప్పుడు, అప్పుడప్పుడూ ఒక కేక కూడా ఉండాలి.

ఏ జంతువుకు కాస్తున్నామో తెలియకపోతే నిద్ర చెడగొట్టుకోవడమే మిగులుతుంది. కృష్ణజింక మైదానంలో పగలు మేసేది. పప్పుశనగ మొలక మీద తెల్లవారుజామునా, సాయంత్రమూ పడుతుంది. దుప్పి అడవి అంచున పొద్దు వాలే వేళ, పొద్దు పొడిచే వేళ వస్తుంది. కణితి, అడవిపంది రాత్రివి. తెల్లారి చేలో ఆనవాళ్లు చూస్తే తెలిసిపోతుంది. లేత మొక్కల చివుళ్లే పోయి వేరు నేలలోనే ఉంటే జింకో దుప్పో. మట్టి దున్నినట్టు లేచి, బుడ్డలు ఊడి బయటపడితే పంది.

ఎనిమిది, పది అడుగుల ఎత్తు కాపలాకు చాలు. చెట్టయితే పచ్చిగా, గట్టిగా ఉన్న చింతో వేపో చూసుకోవాలి. మునగ కొమ్మను నమ్మితే నడుం విరుగుతుంది. చెట్టు లేని రేగడి చేలో నాలుగు గుంజలు పాతి కట్టడమే మేలు. నడుముకు తాడు కట్టుకోవడం పిరికితనం కాదు. అమెరికాలో చెట్టు మంచెల మీది వేటగాళ్లకు పెద్ద ప్రమాదం పైనుంచి పడటమే. ఉరుములు మొదలయ్యాయంటే దిగి ఇంటికి పోవాల్సిందే. ఒంటరి చెట్టు మీద కూర్చున్నవాడికి పిడుగు ముప్పు ఎక్కువ.

"ఇంత తిప్పలెందుకు, కరెంటు తీగ చాలదా?"

చేను చుట్టూ తీగ లాగి, స్తంభం మీది 230 వోల్టుల కరెంటు కలిపితే అది జింకకూ, పక్క చేను రైతుకూ, నీళ్లు కట్టడానికి వెళ్లిన కొడుక్కూ ఒకటే. తెలుగు పల్లెల్లో ఇలా పోయిన మనుషుల ప్రాణాలు తక్కువేం కాదు. దానికి విద్యుత్ దొంగతనం కేసు ఉంది, మనిషి చస్తే హత్యతో సమానం కాని నరహత్య కేసూ తప్పదు. సోలార్ కంచె దీనికి పూర్తిగా వేరు. బ్యాటరీ నుంచి దాదాపు సెకనుకొకసారి రెప్పపాటు షాక్ మాత్రమే ఇస్తుంది. జంతువు అదిరి వెనక్కి పోతుంది, చావదు. ఈ రెండూ ఒకటేననుకోవడమే ప్రాణాలు తీస్తోంది.

"అభయారణ్యం పెట్టాక జింకలే బాగుపడ్డాయి, రైతే చెడ్డాడు"

ఇందులో సగం నిజం ఉంది, దాన్ని దాచకూడదు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. గడ్డిని కాపాడితే కృష్ణజింకల మందలు పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. బట్టమేక మాత్రం తగ్గిపోతూ వచ్చి దాదాపు కనుమరుగైంది. అది గుడ్డు పెట్టేది నేల మీద, తిరిగేది చేలల్లోనూ. దానికి అభయారణ్యం కంచె లోపలి గడ్డి ఒక్కటే సరిపోదు. బయటి బీళ్లు, జొన్న, కొర్ర చేలు, రైతు ఓర్పు కూడా కావాలి. జింకలు పంట తింటే నష్టపోయిన రైతు ఆ పిట్ట మీద కూడా మనసు విరుచుకున్నాడు. ఆయన కడుపుమంటను అపోహ అనడానికి నాకు నోరు రాదు.

అపోహ అల్లా ఒకటే, ఆ నష్టానికి మందు తుపాకి గొట్టంలో ఉందనుకోవడం. మందలో ఒకదాన్ని కాల్చితే మిగతావి ఆ రాత్రికి పక్క చేలోకి పోతాయి, వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి. రైతు చేతిలో మిగిలేది కేసు కాగితం. నలుగురు రైతులు కలిసి గట్టు గట్టుకూ మంచె కట్టుకుని వంతులవారీగా కాస్తే, మొలక దశలోని ఆ కొద్ది వారాలు పంట దక్కుతుంది. పంట పోయిందా, తెల్లారగానే అడుగుల గుర్తులు, తెగిన మొక్కలు కనిపించేలా ఫోటోలు తీయాలి. సర్వే నంబరు, పంట, తేదీ రాసి అటవీ రేంజి కార్యాలయంలో పరిహారం కోసం అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకోవాలి.