ఒలందుల ఊళ్లు మన పక్కనే

హాలండ్ చూడాలంటే పాస్‌పోర్టు కావాలి. హాలండ్ వాళ్లు కాపురమున్న ఊళ్లు చూడాలంటే మా కొత్తపేట నుంచి రావులపాలెం వెళ్లి పాలకొల్లు బస్సెక్కితే చాలు. డచ్చివాళ్లని మన పెద్దలు ఒలందులు అనేవారు. హాలండ్ అన్న మాటే నోళ్లలో నలిగి అలా అయింది. పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడలోని జగన్నాథపురం, భీమిలి, అన్నిటికంటే ముందు బందరు, ఇవన్నీ వాళ్లు వ్యాపారం చేసిన చోట్లే.

మొన్న సెలవుల్లో నేనూ మా ఫ్రెండూ పాలకొల్లు, బందరు తిరిగొచ్చాం. సిద్ధాంతం బ్రిడ్జి దాటాక కాలువ చూసి వాడు “అచ్చం ఆమ్‌స్టర్‌డామ్ రా!” అన్నాడు. కానీ ఆ కాలువలకీ ఒలందులకీ సంబంధం లేదు. అవి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చినవి. ఆనకట్ట పూర్తయింది 1852లో. ఒలందులు ఈ తీరాన్ని ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పింది 1825లో.

మరి వాళ్లు ఇక్కడికెందుకొచ్చారు? లవంగాలు, జాజికాయ కోసం. అవి పండేది ఇండోనేషియా దీవుల్లో. అక్కడివాళ్లకి యూరప్ సరుకు మీద పెద్ద మోజు లేదు, మన అద్దకం బట్టలు కావాలి. అందుకే 1602లో పుట్టిన డచ్ కంపెనీ 1605 కల్లా బందరులో దిగింది. ఇక్కడ బట్ట కొనడం, అక్కడ దినుసులకి మార్చడం, వాటిని యూరప్‌లో అమ్మడం. అప్పట్లో ‘ఫ్యాక్టరీ’ అంటే మిషన్లుండే చోటు కాదు. గోడౌను, లెక్కల ఆఫీసు, కంపెనీవాళ్ల ఇళ్లు కలిపి ఫ్యాక్టరీ. నేత మాత్రం ఊళ్లలో, ఎవరింట్లో వాళ్లదే. అడ్వాన్సు ముందే ఇచ్చేవారు. అది తీసుకున్నాక ఆ బట్ట ఇంకొకరికి అమ్మకూడదు. (ఇది చదివి ఎవరికైనా ప్లేస్‌మెంట్ బాండ్లు గుర్తొస్తే నేనేం చెయ్యలేను.)

పాలకొల్లులో ఒలందులది అని చెప్పుకోదగ్గది మాకేం కనపడలేదు. క్షీరారామం గోపురం చూసి రైలెక్కేశాం. బందరులో మాత్రం పురావస్తు శాఖ కాపాడుతున్న డచ్ సమాధులున్నాయి. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, డచ్ అక్షరాలు. చాలావరకు 17వ శతాబ్దానివే. ట్రాన్స్‌లేట్ యాప్ పెడితే ఆ పాత స్పెల్లింగులకి తికమకపడింది. అంకెలు మాత్రం మనమే చదువుకోవచ్చు.

వ్యాపారుల పేర్లు ఇన్నేళ్లయినా రాళ్ల మీద ఉన్నాయి. ఆ బట్ట నేసినవాళ్ల పేరు ఒక్కటీ మాకు దొరకలేదు. వాళ్ల పనితనం చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో మన తీరం అద్దకాలున్నాయట. అంతదూరం వెళ్లలేకపోతే బందరు పక్కనే పెడన ఉంది, అక్కడ ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. మీరు వెళ్తే సమాధుల దగ్గర ఓ గంట చాలు, మిగతా పూటంతా పెడనకి ఉంచుకోండి.